మూడు వేళ్ళ ఉప్పు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక మాట. జబ్బుపడిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లితో, ఊళ్ళో సగం మంది వాకిట్లో నిలబడి వింటుండగా, "ఇంతుప్పు ఏస్తే బతుకుతాదా? నీ చేత్తో నువ్వే చంపుకుంటాండావు గదమ్మా!" అన్నాను.

అప్పటికి బిడ్డ ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది.

కోపంలో అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కోపం కాదు, భయం. నేను నేర్పిన పని వల్లే ఇది జరిగిందని ఎవరైనా అనేలోపు నేనే ముందు ఇంకొకరి పేరు చెప్పేశాను. ఇది ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లల కోసం రాస్తున్నాను. మీరూ ఊళ్ళు తిరిగి నలుగురికి ఏదో ఒకటి నేర్పే ఉద్యోగంలోనే ఉన్నారు. నేర్పడమంటే ఏమిటో నాకు ఎంత ఆలస్యంగా తెలిసిందో, దానికి ఎవరు ఏమి పోగొట్టుకున్నారో మీకు చెప్పాలి.

నేను డెబ్బైలలో మలేరియా వర్కరుగా చేరాను. రాయదుర్గం దాటి గుమ్మఘట్ట వైపు పోయే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళు నావి. సైకిలు, ఖాకీ సంచి, అందులో గాజు పలకలు, సూదులు, మాత్రలు. అప్పట్లో ప్రతి ఇంటి గోడ మీదా గళ్ళు గళ్ళుగా ఒక చదరం అచ్చు కొట్టి ఉండేది. పదిహేను రోజులకొకసారి ఇంటికి పోయి, జ్వరం ఎవరికైనా ఉందా అని అడిగి, ఒక గడిలో తేదీ వేసి పొడి సంతకం పెట్టాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు వాకిట్లోంచే ఒక కేక వేసి, ఎవరూ పలకకపోయినా సంతకం పెట్టి కదిలిన రోజులు ఉన్నాయి. గోడ మీద గళ్ళు నిండితే పని జరిగినట్టే లెక్క. ఆ అలవాటు చేతికి పట్టుకుంటే వదలదు.

తరువాత మా ఉద్యోగాల పేరు మార్చారు. మలేరియా ఒక్కటే కాదు, టీకాలు, కుటుంబ నియంత్రణ, బేదులు, అన్నీ ఒకే మనిషి చూడాలన్నారు. కొత్త పేరు చాలా పొడుగ్గా ఉండేది. ఊళ్ళలో మాత్రం నేను రిటైరయ్యేదాకా మలేరియా సారునే.

ఎనభైలలో వానలు వరుసగా తప్పిన ఏళ్ళవి. చేతిపంపులు గాలి మింగుతూ కిర్రుమనేవి. ఆడవాళ్ళు వంకలోని ఇసుకలో చెలిమెలు తవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడుకునేవాళ్ళు. ఆ చెలిమెల దగ్గరే గొడ్లు, ఆ పక్కనే జనం దొడ్డికి కూర్చోవడమూ. ఎండలు ముదిరేసరికి పిల్లలకు వాంతులు, బేదులు మొదలయ్యేవి. ఒంట్లో నీళ్ళు అయిపోయి రెండు రోజుల్లో పోయేవాళ్ళు. మందు పొట్లాలు మా కేంద్రానికి వచ్చినవి వారానికే అయిపోయాయి. అందుకని పైనుంచి ఉత్తరువు: ఇంట్లోనే ఉప్పు, బెల్లం, నీళ్ళు కలిపి తాపడం ప్రతి తల్లికీ నేర్పండి, నేర్చుకున్నట్టు రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో తీసుకోండి.

మాకు నేర్పింది ఒక పూట. కేంద్రంలో కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. బల్ల మీద గాజు జగ్గు, స్టీలు చెంచా, డబ్బాలో మెత్తటి ఉప్పు, తెల్ల చక్కెర. ఒకాయన కలిపి చూపించాడు. నేను నోటుపుస్తకంలో పొల్లు పోకుండా రాసుకున్నాను. చివర్లో అడిగితే మొత్తం అప్పజెప్పాను. మా పై సూపర్‌వైజరు భుజం తట్టాడు.

అప్పజెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. మా ఊళ్ళో ఏకోపాధ్యాయ బడి. ఎక్కాలు, వారాలు, నెలలు అన్నీ గొంతెత్తి గుంపుగా చెప్పడమే. చెవిలో పడింది నోట్లోంచి వచ్చేది, నోట్లోంచి వచ్చింది తలలో నిలిచేది. నాకు అలా వచ్చింది కాబట్టి అందరికీ అలాగే వస్తుందనుకున్నాను. రానివాళ్ళను మొద్దులనుకున్నాను. మా పెద్దమ్మాయి రెండో తరగతిలో ఐదో ఎక్కం చెప్పలేక నీళ్ళు నమిలితే, ఎండలో నిలబెట్టి చెప్పించినవాణ్ణి.

మొదట చెప్పిన ఆ తల్లి ఉండే ఊళ్ళో అప్పుడు కరువు పని జరుగుతోంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు రోడ్డుకు కంకర కొడుతున్నారు. మధ్యాహ్నం రేకుల పంచ కింద గంజి పోస్తారు. ఆ వేళకు వెళితే అందరూ ఒక్కచోట దొరుకుతారని నా తెలివి. బొమ్మల చార్టు ఒక గుంజకు కట్టి ఇరవై మంది తల్లులను కూర్చోబెట్టాను. చార్టులో జగ్గు ఉంది, చెంచా ఉంది. వాళ్ళ ఇళ్ళలో అవి ఉండవని నాకు తెలుసు. అందుకే ఒక పాటలాంటిది నేనే కట్టాను, ఎక్కం ధోరణిలో:

చెంబు నీళ్ళు కాంచి చల్లార్చు
పిడికెడు బెల్లం పొడి చేసి కలుపు
మూడు వేళ్ళ ఉప్పు ముట్టి వేయి
గుక్కా గుక్కా బిడ్డకు తాపు

నేను చెప్పడం, వాళ్ళు చెప్పడం. మొదట సిగ్గుపడ్డారు. రెండోసారికి నవ్వులొచ్చాయి. మూడోసారికి రేకులు మోగాయి. ముందు వరసలో ఒక చిన్నకోడలు, చంకలో ఏడాదిన్నర ఆడబిడ్డ. ఆమె పుట్టిల్లు గుమ్మఘట్ట దాటి కన్నడ సీమ అంచున. అక్కడ కన్నడ బడిలో ఐదు దాకా చదివిందట. రెండుసార్లు వినగానే తప్పు లేకుండా చెప్పింది. నేను పొంగిపోయాను. ఆమెను లేపి నిలబెట్టి, "నువ్వు చెప్పమ్మా, తక్కినోళ్ళు నీ యెనక చెప్తారు" అన్నాను. ఆమె చెప్తుంటే చంకలో బిడ్డ కూడా నోరు కదిపింది. అందరూ చప్పట్లు కొట్టారు.

గంజి వండే అవ్వ ఒకామె పొయ్యి దగ్గరి నుంచి ఇదంతా చూస్తోంది. రెండు వందల మందికి గంజి కాచే చెయ్యి. తెడ్డు తిప్పుతూనే అడిగింది.

"సారూ, పాట బాగుండాది. అది నా చెవిలోకి పోయి ఇంగో చెవిలోంచి పోతాంది. ఉప్పూ బెల్లం ఈడనే ఉండాయి గదా, ఒకసారి చేత్తో కలిపి సూపియ్యి."

"టైము లేదవ్వా. ఇంగా రెండూళ్ళు పోవల్ల."

"పోనీ నోటికి ఎట్లుండల్లో చెప్పు. రుచి సూస్తే నాకు మల్ల మరుపు రాదు."

అప్పుడు నేను చార్టు చుట్టేస్తూ, అందరికీ వినపడేలా అన్నాను: "ఇది వంట కాదవ్వా, మందు. మందుకు ఎవురన్నా రుచి సూస్తారా?"

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. "అవునప్పా, సదువుకున్నోనివి, నీకు తెలుసు. వండేదాన్ని, నాకేం తెలుస్తాది" అని పొయ్యిలోకి కట్టె తోసింది.

రిజిస్టరు తిప్పాను. పంతొమ్మిది వేలిముద్రలు, ఒక సంతకం. ఆ సంతకం చిన్నకోడలిది, గుండ్రటి కన్నడ అక్షరాలు. అవ్వను లెక్కలోకి తీసుకోలేదు. ఆమెకు చంటిబిడ్డ లేదు కదా.

పదిహేను రోజులకు నేను మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. మామూలు తిరుగుడే. పొద్దున తొమ్మిది దాటింది. చిన్నకోడలి ఇంటి ముందు జనం. ఆమె నడవలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో బిడ్డ. కళ్ళు లోతుకుపోయాయి, పెదవులు ఎండి పగిలాయి. బేదులు ముందు రోజు పొద్దున మొదలయ్యాయట. నేను చూస్తుండగానే కాళ్ళూ చేతులూ కొయ్యబారి కొట్టుకున్నాయి. ఫిట్స్. బేదుల బిడ్డలను నేను చాలామందిని చూశాను, అలా కొట్టుకోవడం తక్కువ.

"ఏమిస్తాండావు?" అన్నాను.

"నువ్వు చెప్పిందే సారూ" అని పక్కనున్న చెంబు చూపించింది.

చెంబు ఎత్తి నాలుక మీద పోసుకున్నాను. నోరు మండింది. ఊరగాయ కుండ కడిగిన నీళ్ళలా ఉంది. ఉమ్మేశాను. ఉమ్ముతూనే, ఆ మొదట చెప్పిన మాట అన్నాను.

ఆమె అత్త ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చూపు నా మీద నుంచి కోడలి మీదికి మెల్లగా పోవడం నేను చూశాను.

కంకర లారీ ఒకటి రాయదుర్గం వైపు తిరిగి పోతుంటే ఆపి ముందు ఎక్కాము. డ్రైవరు, నేను, మధ్యలో బిడ్డతో ఆమె. దారంతా గుంతలు. మంచినీళ్ళలో గుడ్డ తడిపి బిడ్డ పెదవులకు అద్దుతున్నాను. అంతకన్నా నా చేతిలో ఏమీ లేదు. ఆమె ఏడవడం లేదు. కాసేపటికి ఏదో గొణుగుతోందని చెవి ఒగ్గాను. నా పాట.

"చెంబు నీళ్ళు కాంచి చల్లార్చు... పిడికెడు బెల్లం..." నాలుగు పాదాలూ చెప్పి, నా వైపు తిరిగింది. "యాడన్నా తప్పు చెప్తినా సారూ?"

"లేదమ్మా" అన్నాను. ఒక్క ముక్క తప్పలేదు.

"బెల్లం ఇంట్లో ల్యాకపోతే పక్కింట్లో అడుక్కొచ్చి ఏస్తి. మూడు వేళ్ళ ఉప్పు ఏస్తి. తాపితే కక్కుకునె. మందు సాల్లేదేమో అని ఇంగో మూడు వేళ్ళు ఏస్తి. మల్ల బేది అయితే ఇంగో మూడు వేళ్ళు. ఎక్కువేస్తే తొందరగా తగ్గుతాదనుకుంటి."

"ఒకసారన్నా నోట్లో పోసుకుని సూడలేదా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నిందగా కాదు; నేను మరిచిపోయింది గుర్తుచేస్తున్నట్టు.

"మందుకు రుచి సూడగూడదని నువ్వే అంటివి గదా సారూ."

డ్రైవరు విన్నాడు. దారి మీది నుంచి చూపు తిప్పకుండా బీడీ పారేశాడు. రాయదుర్గం కొండ కనిపించే మలుపు దగ్గర బిడ్డ పోయింది. ఆమెకు తెలియడానికి ఇంకో మైలు పట్టింది. నాకు ముందే తెలిసింది, చెప్పలేదు.

కేంద్రంలో మా డాక్టరు మంచివాడు. అంతా విని, "అప్పటికే ఒక రోజు దాటింది. ఉప్పు సరిగ్గా పడినా దక్కేదో లేదో చెప్పలేం. ఎక్కువ ఉప్పు మాత్రం చెరుపే చేసి ఉంటుంది" అన్నాడు. సూపర్‌వైజరు ఆ మాటలో మొదటి సగమే విన్నాడు. రిజిస్టరు తెప్పించి సంతకం మీద వేలు పెట్టాడు.

"ఆయమ్మ సంతకం ఉండాది గదప్పా! నేర్చుకున్నట్టు ఆయమ్మే ఒప్పుకున్యాది. ఇంగ నీకేం భయం? రాయి."

రాశాను. 'తల్లి అవగాహన లోపం వలన ఉప్పు మోతాదు మించినది.' నా దస్తూరీ మంచిది. ఆ వాక్యం ఎంతో అందంగా కుదిరింది. నోటితో అన్నది భయంలో అన్నాననుకుందాం. దీన్ని మాత్రం ఫ్యాను కింద కూర్చుని రాశాను.

పదిహేను రోజులకు గోడ మీద సంతకం పెట్టడానికి ఆ ఇంటికి వెళ్ళాను. నడవ ఖాళీ.

"కోడలు యాడికి పోయినాది?" అన్నాను.

"పుట్టింటికి తోలిస్తిమి" అంది అత్త. రోట్లో మిరపకాయలు దంచుతోంది, ఆపలేదు. "నా కొడుకు దాని మొగం సూడనంటాండాడు."

"ఆమె కావాలని..."

"నువ్వు చెప్పకపోతే మాకేం తెలుసప్పా? దేవుడు తీసుకపోయినాడు అనుకుంటాంటిమి. నువ్వే వాకిట్లో నిలబడి చెప్తివి గదా, ఉప్పేసి చంపిందని." రోకలి ఎత్తి, మళ్ళీ వేసింది. "సదువుకున్నోని మాట. తప్పెట్ల పోతాది?"

నా చేతిలో పెన్సిలు ఉంది. గోడ మీది గడిలో సంతకం పెట్టకుండా వెనక్కి వచ్చింది అదే మొదటిసారి.

సైకిలు తోసుకుంటూ గంజి పంచ దగ్గరికి వచ్చాను. ఎందుకు అటు వచ్చానో తెలియదు. కంకర కొట్టేవాళ్ళు ఇంకా రాలేదు. అవ్వ ఒక్కతే జొన్న రవ్వ చెరుగుతోంది. కూర్చోమని కూడా అనలేదు. చేట ఆపకుండానే అంది:

"నీ నోట్లోంచి వచ్చిన మాటే సారూ, ఊరంతా తిరుగుతాంది. ఆ పిల్ల నీళ్ళకు పోతే ఆడోళ్ళు కడవలు పక్కకు జరుపుకున్యారు."

"నేను సరిగ్గానే చెప్పినానవ్వా. ఆమె లెక్క తప్పింది."

"అట్లనా." లేచి, ఒక చెంబు నీళ్ళు, కల్లుప్పు కుండ, బెల్లం అచ్చు తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు కలుపు, సూస్తా."

నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. సరే అని బెల్లం నలిపి వేశాను. ఉప్పుకుండలో చెయ్యి పెట్టాను. అప్పుడు తెలిసింది, నేను ఆ పని నా చేత్తో ఎన్నడూ చేయలేదని. జగ్గు చూశాను, చెంచా చూశాను, రాసుకున్నాను, అప్పజెప్పాను. మూడు వేళ్ళు ఉప్పులో ఎంత లోతుకు పోవాలి? గడ్డలు గడ్డలుగా ఉన్న ఈ కల్లుప్పు నాలుగు రాళ్ళా, పది రాళ్ళా? పాటలో లేదు. ఏదో తీసి వేసి కలిపాను.

అవ్వ చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకుంది. పక్కకు ఉమ్మింది.

"నా మనవనికైతే తాపను" అంది.

నేను తాగి చూశాను. ఆ రోజు ఆ చెంబులో ఉన్నంత కాకపోయినా, ఉప్పే. నా బిడ్డయినా ఈ నీళ్ళే తాగి ఉండేది. ఆ రేకుల కింద, పట్టపగలు, ఎవరైనా చూస్తారన్న సంగతి మరిచి ఏడ్చాను. అవ్వ ఓదార్చలేదు. నేను తేరుకునేదాకా ఉండి, ఉప్పు కాస్త రోట్లో మెత్తగా నూరి, నా వేళ్ళు తన చేత్తో పట్టుకుని ఉప్పులో పెట్టింది.

"ఈడికి. మొదటి గెణుపు దాటగూడదు. కలిపినాంక నోట్లో పోసుకో. మజ్జిగలో ఏసుకునేదాని కంటే తక్కువ ఉండల్ల. నాలిక్కి తెలిసీ తెలియనట్టు. ఎక్కువైందా, పారబోసి మల్ల కలుపుకో. ఉప్పు పోతే పోనీ."

ఆమెకు ఈ మోతాదు ఎవరూ చెప్పలేదు. నా పాట చెవికెక్కకపోయినా, ఆ తరువాత మా కేంద్రం నర్సమ్మ ఊళ్ళోకి వచ్చి ఎక్కడో మిగిలిన ఒక పొట్లం మందు కలిపితే దాన్ని నాలుకతో చూసి పెట్టుకుందట. ఆ రుచి వచ్చేదాకా తనే కలిపి కలిపి చూసుకుంది. నేను డాక్టరు దగ్గర తూచి చూపిస్తే, సరిగ్గా ఉంది.

ఆ తరువాత ఆమె పక్కన కూర్చుని నేను నేర్పే పని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఒక్కో తల్లి ముందు చెంబు పెట్టి కలపమని ఊరికే చూశాను. ఒకామె మాట అసలు వినేది కాదు. పక్కామె చేతులనే చూసేది, చూసి సరిగ్గా చేసేది. ఒకామె మూడుసార్లు పారబోసి నాలుగోసారి కుదిరాక ఇక తప్పలేదు. ఇంకొకామె ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసేది: ఉప్పెందుకు, బెల్లమెందుకు, కక్కుకుంటున్నా ఎందుకు తాపాలి. పోయిన నీళ్ళు తిరిగి ఒంట్లో నిలవడానికి అని చెప్పాక, "అట్ల చెప్పు మరి, నీళ్ళే మందు, ఉప్పు గాదు" అంది. ఆ ఒక్క ముక్క నెల ముందు ఎవరైనా నన్ను అడిగి ఉంటే! అడిగేవాళ్ళను నవ్వులపాలు చేసి కూర్చోబెట్టింది నేనే. పాట కూడా కొందరికి పనికొచ్చింది, అది అబద్ధం కాదు. నాలాంటివాళ్ళకు.

ఇంటికి పోతే మా అమ్మాయి నేల మీద చెనక్కాయలు ఐదేసి వరసగా పేర్చుకుని కూర్చుంది. వాళ్ళమ్మ నేర్పిందట. "నాలుగు వరసలు నాయనా, ఇరవై" అని నా ముఖంలోకి భయంగా చూసింది, సరిగ్గా చెప్పి కూడా. ఆ భయం నేను పెట్టిందే. ఆ పిల్ల ఇప్పుడు నలుగురికి లెక్కలు చెప్తుంది. నన్ను క్షమించిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పెట్టుకున్నాను. తల్లి తన ఇంటి చెంబులో, తన ఇంటి ఉప్పుతో, తన చేత్తో కలపాలి. ముందు తను తాగాలి, తరువాత నేను తాగాలి. ఆ తరువాతే రిజిస్టరు తెరవాలి. రోజుకు నాలుగైదు ఇళ్ళ కంటే అయ్యేవి కావు. సూపర్‌వైజరు "నువ్వు నేర్పుతాండావా, దప్పిక తీర్చుకుంటాండావా?" అని ఎగతాళి చేసేవాడు. లక్ష్యం అందలేదని మెమోలు వచ్చాయి. ఇప్పుడు రక్తపోటు చూసే డాక్టరు ఉప్పు తగ్గించమంటే నవ్వొస్తుంది, కానీ ఎందుకో చెప్పను.

అవన్నీ తరువాత. ఆ వారంలో నేను చేయాల్సిన పని వేరే ఉంది.

ముందు ఆ అత్త ఇంటికే వెళ్ళాను. అవ్వ వెంట వచ్చింది. వాకిట్లో నిలబడి, ఆ రోజు ఎంత గట్టిగా అన్నానో అంత గట్టిగా చెప్పాను: ఎంత వేయాలో ఆమెకు నేను చూపించలేదు, రుచి చూడొద్దన్నది నేను, మొన్న కలిపితే నాకే కుదరలేదు, తప్పు నాది. పది మంది గుమిగూడారు. అత్త అంతా విని, "ఇప్పుడు చెప్తే బిడ్డ వస్తాదా సారూ?" అంది. కొడుకు లోపలి నుంచి బయటికి రాలేదు. నా మొదటి మాట ఊరంతా తిరగడానికి ఒక్క పూట పట్టింది. ఈ మాట వాకిలి దాటినట్టు లేదు.

కేంద్రంలో నేను రాసిన వాక్యం కొట్టేయమని అర్జీ పెట్టాను. పైకి పోయిన కాగితం వెనక్కి రాదన్నారు. కింద ఇంకో వాక్యం రాసి, సంతకం చేసి ఇచ్చాను: 'తల్లికి శిక్షణ ఇవ్వబడలేదు, ఇచ్చినట్టు నేను నమోదు చేసితిని.' సూపర్‌వైజరు నెల రోజులు నాతో మాట్లాడలేదు.

తరువాతి ఆదివారం చిన్నకోడలి పుట్టింటికి బయలుదేరాను. గుమ్మఘట్ట దాకా బస్సు, అక్కడి నుంచి నడక. సంచిలో రిజిస్టరు పెట్టుకున్నాను. వాళ్ళ ఇల్లు ఊరి చివర, రాళ్ళు పేర్చిన గోడ. ఆమె తల్లి నన్ను చూసి కన్నడంలో లోపలికి ఏదో చెప్పి, నీళ్ళు కూడా ఇవ్వకుండా పక్కకు తప్పుకుంది. చిన్నకోడలు వచ్చి గడప దగ్గర నిలబడింది. చంక ఖాళీగా ఉన్నా ఆ నడుము అలవాటుగా ఒక పక్కకే వంగి ఉంది.

నేను మొదలుపెట్టేలోపే అడిగింది. "ఒగటి చెప్పు సారూ. నా బిడ్డ ఉప్పుతో పోయినాదా, బేదులతో పోయినాదా?"

"తెలియదమ్మా. డాక్టరుకూ తెలియదు. ఎంత ఏయల్లో నేను నీకు సూపియ్యలేదు, అదొక్కటి తెలుసు. నేను కలిపినా ఎక్కువే పడింది."

ఆమె లోపలికి పోయి చెంబు, ఉప్పు, నల్లబెల్లం తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది.

"ఇప్పుడు సూపియ్యి."

ఉప్పు నూరి ఇచ్చాను. అవ్వ నా వేళ్ళు పట్టుకున్నట్టు ఆమె వేళ్ళు పట్టుకునే చనువు నాకు లేదు. నా వేళ్ళ మీద గెణుపు చూపించాను. ఆమె బెల్లం కలిపింది. ఉప్పు మీదికి చెయ్యి పోయి గాలిలోనే ఆగిపోయింది. వాళ్ళమ్మ గుమ్మం అవతల ముక్కు చీదడం వినపడింది. చివరికి మూడు వేళ్ళూ ఉప్పును తాకాయి. వేసింది, కలిపింది, చెంబు ఎత్తి ఒక గుక్క తాగింది. మింగడానికి కష్టపడింది. ఇంకో గుక్క తాగి, చెంబు నా చేతికిచ్చింది.

సరిగ్గా ఉంది. అవ్వ చెప్పినట్టు, నాలుకకు తెలిసీ తెలియనట్టు. చెంబు మొత్తం తాగేశాను.

"ఇంతేనా సారూ?" అంది. "ఇంత తక్కువనా?"

రిజిస్టరు తీశాను. ఆ పేజీలో ఆమె కన్నడ సంతకం మీద అడ్డంగా గీత కొట్టి, ఆ రోజు తేదీ వేసి, కలం ఆమె ముందు పెట్టాను. ఇప్పుడు నిజంగా నేర్చుకుంది కదా అని నా ఉద్దేశం.

ఆమె కలం వైపు చూసింది కానీ ముట్టలేదు. "నేను ఇంగ యాడా సంతకం పెట్టను సారూ" అని, ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది.

ఆ పేజీలో ప్రతి పేరు ఎదురుగా రెండు గళ్ళు ఉంటాయి. 'నేర్పినవారు' అన్నదాని కింద నా సంతకం నెలన్నర కిందటే ఉంది. దాన్ని కొట్టేశాను. 'నేర్చుకున్నవారు' అన్న గడిలో, ఆమె అక్షరాల మీది గీత కింద, నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టి, బస్సుకు నడిచాను.